సైన్యంలో ఇంజినీరు కావాలంటే ఏ బ్రాంచి చదవాలి?

సైన్యంలో ఇంజినీరు అధికారి కావాలనుకునే విద్యార్థికి ముందు దారి తేలాలి, ఆ తర్వాతే బ్రాంచి. ఇంటర్ ఎంపీసీ కాగానే సైన్యంలోకి వెళ్ళి అక్కడే ఇంజినీరింగ్ చదువుకునే దారి ఒకటుంది. బయట బీటెక్ చదివి, ఆ పట్టాతో వెళ్ళే దారి ఇంకొకటి. మొదటి దారిన పోయేవారికి బ్రాంచి బెంగ పెద్దగా ఉండదు, చదివించే బాధ్యత సైన్యానిది. రెండో దారిన పోయేవారికి మాత్రం ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో తొందరలో పెట్టిన వెబ్ ఆప్షన్ మూడు నాలుగేళ్ళ తర్వాత దరఖాస్తు ఫారంలో మళ్ళీ ఎదురవుతుంది. ఈ తేడా తెలియక, ఇంటర్‌లోనే వెళ్ళగలిగిన పిల్లలు బీటెక్ అయ్యేదాకా ఆగిపోవడం, బీటెక్‌లో సరిపడని బ్రాంచి పేరు తీసుకుని తర్వాత నాలిక కరుచుకోవడం తెలుగు ఇళ్ళలో మామూలే.

ఈ వ్యవహారానికి సంబంధించిన ముఖ్యమైన సంస్థలు ఢిల్లీలో మునిర్కా చుట్టూనే ఉన్నాయి. మెట్రో మెజెంటా లైన్లో మునిర్కా, ఆర్.కె. పురం, ఐఐటీ వరుసగా వచ్చే స్టేషన్లు. మునిర్కాను ఆనుకుని ఉన్నది జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం. ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ), పుణెలోని కాలేజ్ ఆఫ్ మిలిటరీ ఇంజినీరింగ్, మౌలో సిగ్నల్స్ అధికారులు చదివే ఎంసీటీఈ, మన సికింద్రాబాద్ తిరుమలగిరిలోని మిలిటరీ కాలేజ్ ఆఫ్ ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజినీరింగ్ (ఎంసీఈఎంఈ), వీటన్నింటిలో చదివినవారికి పట్టాలు ఇచ్చేది జేఎన్‌యూనే. జేఎన్‌యూ అంటే విద్యార్థి ఎన్నికలు, ధర్నాలే గుర్తొచ్చేవారికి ఇది వింతగా తోచవచ్చు. మునిర్కా మొహం ఎన్నడూ చూడని అధికారులు వేలమంది గోడకు వేలాడదీసుకున్న డిగ్రీ మాత్రం అక్కడిదే. తర్వాతి స్టేషన్ ఆర్.కె. పురంలో, వెస్ట్ బ్లాక్ 3లో, సైనికాధికారుల నియామకం చూసే రిక్రూటింగ్ డైరెక్టరేట్ ఉంది. బీటెక్ వాళ్ళ దరఖాస్తులను మార్కుల ప్రకారం వడబోసేది ఇక్కడే. ఆ తర్వాతి ఐఐటీకి సైన్యం తన అధికారులను ఎంటెక్ చదవడానికి పంపుతుంది. ఆ పక్కనే ఉన్న బేర్ సరాయ్, కాలూ సరాయ్ సందుల్లో గేట్, ఇంజినీరింగ్ సర్వీసుల పరీక్షలకు కోచింగ్ నడుస్తుంటుంది. ఇంజినీరింగ్ సర్వీసుల పరీక్ష సంగతి చివర్లో వస్తుంది.

'మిలిటరీ ఇంజినీరు' అని మనం ఒక్క మాటతో అనేస్తాం కానీ సైన్యంలో ఆ పని మూడు విభాగాలది. కోర్ ఆఫ్ ఇంజినీర్స్ మొదటిది. వంతెనలు వేయడం, మందుపాతరలు తీయడం, పరచడం, దారులు చేయడం, శత్రువు దారులు పేల్చేయడం దాని యుద్ధకాలపు పని. ఈ కోర్ అధికారులు శాంతికాలంలో మిలిటరీ ఇంజినీర్ సర్వీసెస్‌లో కంటోన్మెంట్ల భవనాలు, కరెంటు, నీళ్ళు చూస్తారు. సరిహద్దు రోడ్ల సంస్థలో కొండల మీద రోడ్లు వేస్తారు. రెండోది కోర్ ఆఫ్ సిగ్నల్స్, సైన్యానికి సమాచార వ్యవస్థ అంతా దానిదే. మూడోది ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజినీర్స్ (ఈఎంఈ). ట్యాంకు నుంచి రాడార్ దాకా చెడిపోయినదాన్ని బాగుచేసేది, చెడిపోకుండా చూసేది ఆ విభాగం. తెలుగువాళ్ళకు బాగా దగ్గరిది ఇదే, ఎందుకంటే 1953లో ఈఎంఈ స్కూలుగా మొదలైన దాని కళాశాల సికింద్రాబాద్‌లో ఉంది.

కోర్ ఆఫ్ ఇంజినీర్స్‌లో మద్రాస్, బెంగాల్, బొంబాయి అని మూడు సాపర్ (సైనిక ఇంజినీరు) గ్రూపులు. బెంగళూరు కేంద్రంగా ఉన్న మద్రాస్ సాపర్స్ మూలాలు 1780 నాటివి. దక్షిణాది రాష్ట్రాల జవాన్లు, వారిలో తెలుగువారూ, చేరేది ఇందులోనే. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ కూడా మద్రాస్ ఇంజినీర్స్ అధికారే. 1803లో పుట్టి, పదిహేనేళ్ళ వయసులో ఈస్టిండియా కంపెనీ వారి అడిస్కోంబ్ సైనిక పాఠశాలలో చేరి, 1819లో కమిషన్ పొంది, 1821లో ఇండియాకు వచ్చాడు. గోదావరి ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఇంటర్ వయసు కుర్రాణ్ణి తీసుకుని సైన్యమే ఇంజినీరుగా తయారుచేసే పద్ధతి, అంటే ఇప్పటి మొదటి దారి, రెండు వందల ఏళ్ళ కిందటిదన్నమాట.

ఆ మొదటి దారిలో నేరుగా ఇంజినీరింగ్‌కు తీసుకెళ్ళేది టెక్నికల్ ఎంట్రీ స్కీమ్. అందరూ టీఈఎస్ అంటారు. ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపి 60 శాతం మార్కులు ఉండాలి, జేఈఈ మెయిన్ రాసి ఉండాలి. వయసు పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర లోపు. పెళ్ళికాని అబ్బాయిలకే అవకాశం. రాతపరీక్ష వేరుగా లేదు. జేఈఈ స్కోరును బట్టి సర్వీసెస్ సెలక్షన్ బోర్డు (ఎస్‌ఎస్‌బీ) ఇంటర్వ్యూకు పిలుస్తారు. ఒక్కో కోర్సుకు ఇటీవల సుమారు 90 సీట్లు ఉంటున్నాయి. 2024 నుంచి శిక్షణ నాలుగేళ్ళు. మొదటి మూడేళ్ళు పుణె, మౌ, సికింద్రాబాద్ కళాశాలల్లో ఏదో ఒక చోట ఇంజినీరింగ్ చదువు, దానితోపాటే సైనిక శిక్షణ. చివరి ఏడాది డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీ. బయటికి వచ్చేది లెఫ్టినెంట్ హోదాతో, ఇంజినీరింగ్ పట్టాతో. కాలేజీ ఫీజు లేదు. ఐఐటీ, ఎన్ఐటీల కోసం జేఈఈ మెయిన్ ఎలాగూ రాసే తెలుగు పిల్లలకు ఇంతకంటే దగ్గరి దారి లేదు. అయినా ర్యాంకు వచ్చిన మర్నాటి నుంచి మన ఇళ్ళలో నడిచే చర్చ సీఎస్ఈ ఏ కాలేజీలో వస్తుందన్నదే. టీఈఎస్ పేరు కూడా తెలియని తల్లిదండ్రులే ఎక్కువ.

ఎన్‌డీఏ దారి కొంచెం చుట్టు. యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పెట్టే పరీక్ష రాసి, ఎస్‌ఎస్‌బీ గెలిచి చేరాలి. ఆర్మీ విభాగానికి ఇంటర్‌లో ఏ గ్రూపైనా చాలు కానీ, నేవీకి, ఎయిర్‌ఫోర్స్‌కు ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ ఉండి తీరాలి. ఇంజినీర్ల వైపు మనసున్నవారు ఎంపీసీ వదలకపోవడమే క్షేమం. ఎన్‌డీఏలో ఆర్మీ క్యాడెట్లు బీఏ, బీఎస్సీ, కంప్యూటర్ సైన్స్‌లో బీఎస్సీ చదువుతారు. బీటెక్ నేవీ, ఎయిర్‌ఫోర్స్ క్యాడెట్లకు. మరి ఇంజినీర్స్ కోర్‌లో చేరే ఆర్మీ అధికారికి ఇంజినీరింగ్ ఎప్పుడు వస్తుంది? ఉద్యోగంలో చేరాక, జీతం తీసుకుంటూ, పుణె కళాశాలలో. 2022 ఏప్రిల్ 30న సైన్యాధ్యక్షుడైన జనరల్ మనోజ్ పాండే నడిచిన దారి ఇది. ఎన్‌డీఏ తర్వాత 1982 డిసెంబరులో బొంబాయి సాపర్స్‌లో కమిషన్ పొంది, పుణెలో సివిల్ ఇంజినీరింగ్ చదివారు. ఇంజినీర్స్ కోర్ నుంచి ఆ పదవికి చేరిన మొదటి అధికారి ఆయనే. అమ్మాయిలకు ఎన్‌డీఏ తలుపులు 2022లో తెరుచుకున్నాయి; 17 మందితో తొలి జట్టు 2025 మేలో బయటికి వచ్చింది.

నేవీలోనూ ఇలాంటిదే ఉంది. జేఈఈ మెయిన్ ర్యాంకుతో కేరళలోని ఎళిమల నావల్ అకాడమీలో బీటెక్ చదివిస్తారు. ఆ పట్టా కూడా జేఎన్‌యూదే.

ఇక రెండో దారి. బీటెక్ వాళ్ళకు ప్రధానంగా రెండు ప్రవేశాలు. మొదటిది టెక్నికల్ గ్రాడ్యుయేట్ కోర్సు, టీజీసీ. డెహ్రాడూన్‌లో శిక్షణ, శాశ్వత కమిషన్, అబ్బాయిలకే. సీట్లు చాలా తక్కువ, ఇటీవలి నోటిఫికేషన్లలో ముప్పై దగ్గర ఉంటున్నాయి. రెండోది షార్ట్ సర్వీస్ కమిషన్ టెక్నికల్. దీన్ని అబ్బాయిలకూ అమ్మాయిలకూ విడివిడిగా ఇస్తారు, సీట్లు టీజీసీకి చాలా రెట్లు. చెన్నైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో 49 వారాల శిక్షణ, పదేళ్ళ ఉద్యోగం, కావాలంటే ఇంకో నాలుగేళ్ళు. పదేళ్ళయ్యాక శాశ్వత కమిషన్ అడగవచ్చు. మహిళలకు ఈ హక్కు చాలా విభాగాల్లో సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరి 17న ఇచ్చిన తీర్పుతో ఖాయమైంది. రెండింటికీ వయసు 20 నుంచి 27 ఏళ్ళు. చివరి ఏడాదిలో ఉన్నవారూ దరఖాస్తు పెట్టవచ్చు.

బ్రాంచి ప్రశ్న నిజంగా తల ఎత్తేది ఇక్కడే. నోటిఫికేషన్‌లో సీట్లను సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ సైన్స్, ఇతరాలు అని గుంపులుగా పంచుతారు. ఒక్కో గుంపు కింద ఏయే డిగ్రీ పేర్లు చెల్లుతాయో జాబితా ఉంటుంది. ట్రిపుల్ ఈ చదివినవారు ఎలక్ట్రికల్ గుంపులోకి, స్ట్రక్చరల్ ఇంజినీరింగ్ చదివినవారు సివిల్ గుంపులోకి వస్తారు. పట్టా మీద అచ్చయిన పేరు ఆ జాబితాలో లేకపోతే, సిలబస్ అంతా ఒకటే అని ఎంత మొత్తుకున్నా లాభం లేదు, దరఖాస్తు పక్కకు పోతుంది. ప్రైవేటు కాలేజీలు కంప్యూటర్ సైన్స్‌కు ఏటా ఒక కొత్త తోక తగిలించి సీట్లు అమ్ముతున్న రోజులివి. ఆ తోకల్లో కొన్ని జాబితాకు ఎక్కుతాయి, కొన్ని ఎక్కవు. సైన్యం ఆలోచన ఉన్నవారు ఆకర్షణీయమైన కొత్త పేరు కన్నా పాత పేరున్న కోర్ బ్రాంచి తీసుకోవడం మేలు. ఫుడ్ టెక్నాలజీ లాంటివి 'ఇతరాలు' కిందికి పోతాయి. అక్కడ సీట్లు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

సీట్లు గుంపుల వారీగా ఉన్నాయి కాబట్టి పోటీ కూడా గుంపు లోపలే. సివిల్ విద్యార్థి పోటీ పడేది దేశంలోని సివిల్ విద్యార్థులతోనే, సీఎస్ఈ వాళ్ళతో కాదు. రిక్రూటింగ్ డైరెక్టరేట్ ఒక్కో గుంపుకు కటాఫ్ మార్కులు వేరుగా పెట్టి, ఆ పైన ఉన్నవారినే ఎస్‌ఎస్‌బీకి పిలుస్తుంది. చివరి ఏడాదివారికి ఆరో సెమిస్టర్ వరకు వచ్చిన మార్కులే లెక్క. రాతపరీక్ష లేదు గనుక, మార్కులు తగ్గితే దాన్ని పూడ్చుకునే వేరే మెట్టు లేదు. మొదటి ఏడాది సరదాగా గడిపేసి మూడో ఏడాది సైన్యం గుర్తొచ్చినవారికి ఇది చేదు నిజం. తనకు గిట్టని బ్రాంచిలో 60 శాతంతో బయటపడేవాడి కన్నా, ఇష్టమైన బ్రాంచిలో 80 తెచ్చుకున్నవాడే వెస్ట్ బ్లాక్ వడపోతలో నిలుస్తాడు. బ్రాంచి ఎంపికలో అభిరుచికి పెద్దపీట వేయమనడానికి ఇంతకంటే గట్టి కారణం అక్కర్లేదు.

సాపర్స్‌లోకే వెళ్ళాలని పట్టుదల ఉంటే సివిల్ సహజమైన ఎంపిక. నేల బలం, కాంక్రీటు, సర్వే, నీటి ప్రవాహం ఆ కోర్ రోజువారీ సరుకు. సివిల్ చదివి, చెన్నై అకాడమీ నుంచి 2021 మేలో కమిషన్ పొందిన ఉదయపూర్ అమ్మాయి కెప్టెన్ శివా చౌహాన్ 2023 జనవరిలో సియాచిన్‌లోని కుమార్ పోస్టులో, 15,632 అడుగుల ఎత్తులో, విధుల్లో చేరారు. అక్కడ అలా విధుల్లో చేరిన మొదటి మహిళా అధికారి ఆమె. ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ సైన్స్ వాళ్ళకు సిగ్నల్స్ దగ్గరిది. మెకానికల్‌కు ఈఎంఈ. ఎలక్ట్రికల్ వాళ్ళు మూడింట్లోనూ పనికొస్తారు. అయితే ఈ జతలు రాతి మీద గీతలు కావు. ఎవరు ఏ విభాగంలోకి వెళ్ళాలన్నది అకాడమీ శిక్షణ చివర్లో అభ్యర్థి కోరిక, మెరిట్, ఖాళీలు చూసి తేలుస్తారు. కోరుకున్నది దక్కకపోవచ్చు. బీటెక్ పట్టాతో వెళ్ళి పదాతిదళంలో, ఫిరంగిదళంలో చేరినవారూ ఉన్నారు.

చదివిన బ్రాంచికీ చేసే పనికీ మధ్య ఎంత దూరం ఉండవచ్చో వయనాడ్ చూపించింది. 2024 జూలై 30న కొండచరియలు విరిగిపడి ముండక్కై వెళ్ళే దారి తెగిపోయింది. బెంగళూరు నుంచి వచ్చిన మద్రాస్ సాపర్స్ చూరల్‌మల దగ్గర ఏరు మీద 190 అడుగుల బెయిలీ వంతెన వేసి ఆగస్టు 1న రాకపోకలకు ఇచ్చారు. 24 టన్నుల బరువు మోసే వంతెన అది. పని నడిపించిన మేజర్ సీతా షెల్కే మహారాష్ట్రలోని లోణి కాలేజీలో చదివింది మెకానికల్ ఇంజినీరింగ్.

బెయిలీ వంతెనను దగ్గరగా చూస్తే ఇందులో వింతేమీ లేదని తెలుస్తుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో డోనాల్డ్ బెయిలీ అనే బ్రిటిష్ ఇంజినీరు రూపొందించిన ఈ వంతెనకు ముఖ్యమైన ముక్క పదడుగుల పొడవున్న ఇనుప పానెల్. బరువు సుమారు 260 కిలోలు. ఆరుగురు జవాన్లు మోతకర్రలు దూర్చి ఎత్తి తెస్తారు, క్రేన్ అవసరం లేదు. ఒక పానెల్ చివరి కన్నాన్ని మరో పానెల్ కన్నంతో కలిపి ఉక్కు పిన్ను దిగగొడతారు. పంతొమ్మిది పానెళ్ళు అలా గుచ్చితే 190 అడుగులు. ఇదంతా గట్టుమీదే జరుగుతుంది. ముందుకొసకు తేలికైన ముక్కులాంటి భాగం కట్టి, మొత్తాన్ని రోలర్ల మీద పెట్టి జనం నెడతారు. వెనక బరువు ముందు బరువు కన్నా ఎప్పుడూ ఎక్కువ ఉండాలి, లేకపోతే వంతెన ముక్కు ఏట్లో గుచ్చుకుంటుంది. ముక్కు అవతలి గట్టు రోలర్లను అందుకున్నాకే ఆ భయం తీరుతుంది. మధ్యలో వంగేబలం ఎంత, ఎక్కడ ఎక్కువ, ఎన్ని వరసల పానెల్స్ వేస్తే ఎన్ని టన్నుల బండి దాటుతుంది అన్న లెక్క బీటెక్ తొలి సెమిస్టర్లలో సివిల్ వాళ్ళూ మెకానికల్ వాళ్ళూ కలిసి నేర్చుకునే మెకానిక్స్‌దే. మిగతాది కోర్ నేర్పుతుంది. కొత్తగా చేరిన ప్రతి అధికారినీ పుణె పంపి యంగ్ ఆఫీసర్స్ కోర్సులో వంతెనలు, మందుపాతరలు, పేలుడు పదార్థాలు చేత్తో పట్టించి నేర్పించాకే యూనిట్‌లో పని అప్పగిస్తారు.

ఏ దారిన వెళ్ళినా ఎస్‌ఎస్‌బీ తప్పదు. ప్రయాగ్‌రాజ్, భోపాల్, బెంగళూరు, జలంధర్‌లలో ఐదురోజులు సాగే ఈ పరీక్షలో మొదటి రోజే చాలామంది 'స్క్రీన్ ఔట్' అవుతారు. చివరి రోజు దాకా ఉండి ఉత్త చేతులతో తిరిగొచ్చేవారిని 'కాన్ఫరెన్స్ ఔట్' అంటారు. తర్వాతి ప్రయత్నంలో గెలిచినవారు వీరిలో తక్కువేమీ కాదు. బొమ్మ చూసి కథ రాయడం, పలకలూ తాళ్ళూ ఇచ్చి జట్టుగా అడ్డంకి దాటమనడం లాంటివి ఇక్కడి పరీక్షలు. వీటికి బ్రాంచితో సంబంధం లేదు. ఇంటర్వ్యూలో మాత్రం సొంత సబ్జెక్టు మీద, చేసిన ప్రాజెక్టు మీద ప్రశ్న రావచ్చు. అమీర్‌పేటలో డబ్బిచ్చి కొనుక్కున్న ప్రాజెక్టు గురించి రెండో ప్రశ్నకే నోరు పెగలదు.

ఎంపిక కాకపోతే ఏమిటన్నదీ బ్రాంచి తీసుకునేటప్పుడే ఆలోచించాల్సిన విషయం. సీట్లు వందల్లో, ఆశించేవారు వేలల్లో. కంటిచూపు, కీళ్ళు, పాత శస్త్రచికిత్సలు మెడికల్ బోర్డులో అడ్డుపడవచ్చు. అలాంటివారికి యూనిఫాం లేకుండానే సైన్యానికి ఇంజినీరుగా పనిచేసే వీలుంది. బేర్ సరాయ్ కోచింగ్ సెంటర్లు బతుకుతున్నది ఈ ఆశ మీద కూడా. యూపీఎస్సీ పెట్టే ఇంజినీరింగ్ సర్వీసెస్ పరీక్ష ద్వారా మిలిటరీ ఇంజినీర్ సర్వీసెస్‌లో, సరిహద్దు రోడ్ల సంస్థలో పౌర అధికారులను తీసుకుంటారు. 1960 మే 7న ఏర్పడిన ఆ రోడ్ల సంస్థే రోహతాంగ్ కింద 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగాన్ని కట్టింది. ఈ పరీక్ష సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ అండ్ టెలికమ్యూనికేషన్ అనే నాలుగు విభాగాల్లోనే జరుగుతుంది. కంప్యూటర్ సైన్స్‌కు విడి పేపరు లేదు. సైన్యం రాకపోయినా సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడతాననుకునేవారికి సీఎస్ఈ నష్టం చేయదు. సైన్యానికి దగ్గరగా, రోడ్లూ వంతెనల మధ్య బతకాలనుకునేవారికి మాత్రం సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్‌లలో ఏదో ఒకటి రెండు తలుపులు తెరిచి ఉంచుతుంది.

ఎంపీసీ చదువుతున్న అబ్బాయి అయితే ముందు టీఈఎస్‌కు, ఎన్‌డీఏకు దరఖాస్తు పెట్టాలి. అమ్మాయి అయితే ఎన్‌డీఏకు. అవి తప్పితే బీటెక్. వెబ్ ఆప్షన్లు పెట్టే రోజుకు ముందే జాయిన్ ఇండియన్ ఆర్మీ వెబ్‌సైట్‌లో తాజా టీజీసీ, షార్ట్ సర్వీస్ టెక్నికల్ నోటిఫికేషన్లు తెరిచి, అందులోని డిగ్రీ పేర్ల జాబితాను కాలేజీ ఇచ్చే పట్టా పేరుతో అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. గంట పని. డబ్బు ఖర్చు లేదు.